బిల్లు నేనే కడతాను!

మన సినిమాల్లో ఏ హీరో కత్తి దూసినా అంత వేగం వుండదు. మా బావగారి సంగతి చెబుతున్నాను. హోటల్లో బిల్లు బల్లమీద పడడమే ఆలస్యం, కార్డు తీసి సర్వర్ చేతిలో పెట్టేస్తారు. "బావగారూ, ఈసారి నేను..." అని నేను నోరు తెరిచేలోపు సంతకం కూడా అయిపోతుంది!

పోయిన వేసవిలో శాన్‌హోసేలో అక్కావాళ్ళింట్లో వున్నాను. విమానం టిక్కెట్టు అక్క కొన్నది. మిల్పిటాస్‌లో మన సినిమా మొదటి ఆటకి వెళితే ఆ టిక్కెట్టూ, ఇంటర్వెల్‌లో సమోసా, టీ కూడా బావగారివే. మూడు వారాలు ఇలాగే గడిచాయి. ఒకరోజు కాఫీ తాగుతుంటే బావగారి అమ్మగారు "సినిమావాళ్ళ మీద రాస్తే నెలకి ఎంతిస్తారు బాబూ?" అని అడిగారు. ఆవిడ మనసులో ఏమీ లేదు. వున్నదంతా నా మనసులోనే!

ఆ రాత్రే నిశ్చయించుకున్నాను. వెళ్ళేలోపు వీళ్ళందరికీ ఒక్కపూట నా డబ్బుతో భోజనం పెట్టాలి. నా కష్టార్జితం 150 డాలర్లు. మేం ఐదుగురం. మన తెలుగు హోటళ్ళకి వెళ్ళి లాభం లేదు. కౌంటర్లో కూర్చున్నవాళ్ళంతా బావగారికి తెలిసినవాళ్ళే, నా నోటు ముట్టుకోరు.

అప్పుడు తట్టింది వియత్నాం భోజనం. వియత్నాం దాటితే మరే నగరంలోనూ శాన్‌హోసేలో వున్నంతమంది వియత్నాంవాళ్ళు లేరట. లక్ష పైమాటే! 1975 ఏప్రిల్ 30న సైగాన్ పడిపోయాక వచ్చినవాళ్ళు, తర్వాత పడవల్లో ప్రాణాలకు తెగించి సముద్రం దాటినవాళ్ళు ఇక్కడి ఎలక్ట్రానిక్స్ కంపెనీల్లో కుదురుకున్నారు. అన్నట్టు, "టెంపుల్ ఆఫ్ డూమ్"లో మన అమ్రిష్ పురి చేతిలో చిక్కిన బుడతడు గుర్తున్నాడా? కీ హుయ్ క్వాన్! అతనూ అలా పడవెక్కి, శరణార్థి శిబిరంలో వుండి, అమెరికా చేరిన సైగాన్ కుర్రాడే. 2023లో ఆస్కార్ అందుకున్నాడు.

సరే, అన్వేషణ మొదలైంది. మొదటిరోజే దెబ్బ తిన్నాను. ఫోన్లో నక్షత్రాలు లెక్కపెట్టి ఊరి నడిబొడ్డున ఒక హోటల్‌కి వెళ్ళాను. మసక దీపాలు, గోడమీద వెదురు బొమ్మలు, సన్నగా ఏదో సంగీతం. సెట్టింగ్ బ్రహ్మాండం, కథ శూన్యం! పంచదార నీళ్ళలాంటి సూపులో నాలుగు నూడుల్స్. టిప్పుతో సహా 28 డాలర్లు!

మర్నాడు బస్సెక్కి వియత్నాంవాళ్ళుండే పేటకి పోయాను. ఆ రోడ్డు పేరేమిటో తెలుసా? స్టోరీ రోడ్! సినిమా విలేకరికి ఇంతకన్నా శుభశకునం వుంటుందా? బోర్డులన్నీ వాళ్ళ భాషలోనే. సగం హోటళ్ళకి పేరు బదులు అంకెలు. నేను దూరినదాంట్లో బల్లలన్నీ నిండిపోయి వుంటే, ఒక ముసలాయన ఎదురుగా చోటిచ్చారు. ఆ అంకెల సంగతి ఆయనే చెప్పారు. 54 అని వుంటే 1954. దేశం రెండు ముక్కలై, ఉత్తరాదివాళ్ళు లక్షల మంది దక్షిణానికి తరలిన సంవత్సరం. 75 అంటే సైగాన్ పోయిన సంవత్సరం. మనవాళ్ళు హోటల్‌కి దేవుడి పేరో, కూతురి పేరో పెడతారు. వీళ్ళు ఇల్లు వదిలిన సంవత్సరం పెట్టుకున్నారు. నాకు కాసేపు ముద్ద దిగలేదు.

దిగాక మాత్రం ఆగలేదనుకోండి! వాళ్ళ నూడుల్స్ సూపుని 'ఫొ' అంటారు. మామూలుగా ఎద్దు ఎముకలు గంటలకొద్దీ మరగబెట్టి చేస్తారు. నేను కోడితో చేసినది తెప్పించుకున్నాను. కాల్చిన అల్లం, ఉల్లి, అనాసపువ్వు, దాల్చినచెక్క. కళ్ళు మూసుకుంటే మన పెళ్ళివారి బిర్యానీ దేగిశా మూత తీసినట్టే! పక్కన పళ్ళెంలో తులసి చెల్లెలిలాంటి ఆకు, మొలకలు, నిమ్మచెక్క, పచ్చిమిర్చి. కావలసినంత తుంచి వేసుకోవడమే. టిప్పుతో 17 డాలర్లు.

కానీ అసలు చిక్కు అక్కడే వుంది. అత్తయ్యగారు గుడ్డు కూడా ముట్టరు. ఈ వంటలో కూరగాయల కూరలో సైతం చేపల ఊట పడుతుంది. సంగతి చెబితే ముసలాయన నవ్వి, కాగితం రుమాలు మీద ఒక మాట రాసిచ్చారు. 'చై'. శాకాహారం అని అర్థం. బౌద్ధుల్లో చాలామంది పౌర్ణమినాడు, చాంద్రమాసం మొదటి రోజున మాంసం ముట్టరట. నియమంగా వండేచోట ఉల్లి, వెల్లుల్లి కూడా వేయరు. "పౌర్ణమినాడు రండి. ఎక్కడ జనం నిలబడివుంటే అక్కడ తినండి" అన్నారాయన. మొదటి ఆట జనాన్ని చూసి సినిమా అంచనా వేసే నాకు ఈ సూత్రం వేరే చెప్పాలా?

ఇంటికొచ్చి వంటింటి గోడమీద తెలుగు క్యాలెండర్ చూశాను. పౌర్ణమి ఆదివారం! మధ్యలో ఒక బాన్ మీ, అదే, ఫ్రెంచివాళ్ళు వదిలిపోయిన రొట్టెలో కూరిన శాండ్‌విచ్, 5 డాలర్లకి తిన్నాను. చేతిలో సరిగ్గా వంద మిగిలింది.

ఆదివారం మధ్యాహ్నం. నలభై నిమిషాలు నిలబడ్డాం. బావగారు వాచీ చూసుకుంటున్నారు. నా గుండె దడదడ. లోపల గుమ్మం పక్కనే నేలమీద చిన్న మందిరం, అగరొత్తులు, నాలుగు నారింజపళ్ళు. అత్తయ్యగారు వంగి దణ్ణం పెట్టుకున్నారు. సగం గెలిచాననుకున్నాను.

అంతలో పళ్ళెం వచ్చింది. పైన ఎర్రటి చారలతో, తోకతో సహా... రొయ్యలు!

"ఇది రొయ్య కాదుటయ్యా?" అన్నారావిడ, చెయ్యి వెనక్కి తీసుకుంటూ. అక్క ముఖం పాలిపోయింది. అది పిండితో రొయ్యలా చేసిన బొమ్మ అని నేను చెబితే ఎవరు నమ్ముతారు? హోటలావిడ వచ్చి, బోర్డు మీది 'చై' చూపించి, ఒకదాన్ని విరిచి లోపలి తెల్లపిండి చూపించింది. అత్తయ్యగారు నమ్మారు గానీ తినలేదు. పళ్ళెం మా మేనకోడలి వైపు జరిపారు. అది నిమిషంలో ఖాళీ చేసింది.

తర్వాత బాన్ సేఓ వచ్చింది. బియ్యప్పిండి, పసుపు, కొబ్బరిపాలు కలిపి పెనం మీద పోస్తే వచ్చే 'సుయ్‌య్' చప్పుడే దాని పేరట. మధ్యకి మడిచి, లోపల మొలకలు, పుట్టగొడుగులు. పుట్టగొడుగులు ఏరి పక్కన పెట్టి, లెట్యూస్ ఆకులో చుట్టుకుని ఒక ముక్క కొరికారావిడ.

"ఇది అట్టే కదే!" అన్నారు అక్కతో. "మా అమ్మ బియ్యపట్టు." ఇంకోటి చెప్పమన్నారు.

బిల్లు వచ్చింది. పన్నుతో కలిపి 71 డాలర్లు. బావగారి కార్డు అప్పటికే గాల్లో వుంది! హోటలావిడ తల అడ్డంగా వూపి, కౌంటర్ మీద అంటించిన కాగితం చూపించింది. నగదు మాత్రమే. బావగారు పర్సు తెరిచారు. ఆరు కార్డులున్నాయి. ఒక్క డాలర్ నోటు లేదు!

నేను నెమ్మదిగా లేచి, టిప్పుతో 83 ఇచ్చి వచ్చాను. వెనక అత్తయ్యగారు ఎవరితోనో ఫోన్లో చెబుతున్నారు, "మా కోడలి తమ్ముడు పెట్టించాడు" అని.

మేనకోడలు నా చొక్కా పట్టుకు లాగింది. "మామయ్యా, ఇంకా 17 వున్నాయిగా? ఆ పక్క షాపులో కొబ్బరిపాల ఐస్ వుంది..."