జ్వరం తగ్గాక

నర్సీపట్నంలో పుట్టి పెరిగిన మాకు జ్వరమంటే ముందు గుర్తొచ్చేది మలేరియానే. చింతపల్లి, గూడెం ఏజెన్సీకి మా ఊరే గుమ్మం. చలిజ్వరంతో వణుకుతూ కొండ దిగి వచ్చేవాళ్లని చిన్నప్పటి నుంచీ చూస్తున్నాం. అందుకే, ఏడో నెలలో పుట్టింటికి వచ్చిన మా అమ్మాయికి ఒళ్లు కాలిపోతుంటే మలేరియా పరీక్ష చేయించాను. కాదన్నారు. ఇంకేం భయం లేదనుకుని డెంగీ పరీక్ష మాటే ఎత్తలేదు. పైగా మందుల షాపులో ఒళ్లునొప్పుల మాత్ర కొని వేశాను. డెంగీలో ఆ రకం మాత్రలు రక్తస్రావాన్ని పెంచుతాయి. అయిదో నెల దాటిన గర్భిణికి ఉమ్మనీటినీ తగ్గించగలవు. పారాసిటమాల్, అదీ డాక్టరు చెప్పిన మోతాదులో వేయాల్సింది.

జ్వరం దిగింది. "కడుపునొప్పిగా ఉందమ్మా, వాంతులు ఆగట్లేదు" అంటే, "జొరం పోయింది కదమ్మా, కాసేపు పడుకో" అన్నాను. ఆ మాట ఇప్పటికీ నన్ను కోస్తోంది. డెంగీలో అసలు గండం జ్వరం తగ్గిన ఒకటి రెండు రోజుల్లోనే. రక్తనాళాల్లోంచి ప్లాస్మా బయటికి ఊరిపోయి రక్తం చిక్కబడుతుంది, బీపీ పడిపోతుంది. కడుపునొప్పి, ఆగని వాంతులు దానికి హెచ్చరికలు. సాయంత్రానికి బిడ్డ కదలిక తగ్గిందంటే అప్పుడు కదిలాను.

ఆసుపత్రిలో డెంగీ అని తేలింది. దోమలు మోసే వైరస్‌లు కడుపులో బిడ్డను ఎలా దెబ్బతీస్తాయో డాక్టరమ్మ ఓపిగ్గా చెప్పింది. మాయలోని పోగులు చెట్టు వేళ్లలా తల్లి రక్తంలో మునిగి ఉంటాయి. వాటి పైపొర ఎక్కడా అతుకు లేకుండా ఒకే ముక్కగా ఉంటుంది కాబట్టి చాలా వైరస్‌లు దాన్ని తేలిగ్గా దాటలేవు. జికా దాటుతుంది, మాయలో ఉండే బిడ్డ తాలూకు రక్షక కణాల్లోనే కాపురం పెడుతుంది. 2015లో బ్రెజిల్‌లో చిన్న తలలతో పిల్లలు పుట్టింది దానివల్లే. 2021 జూలైలో కేరళలో బయటపడ్డ మొదటి జికా రోగి కూడా గర్భిణే. 2006 నాటికి మన రాష్ట్రాన్ని మంచాన పడేసిన చికున్‌గున్యా అయితే ఎక్కువగా కాన్పు వేళ తల్లి రక్తంలో వైరస్ ఉంటే బిడ్డకు అంటుకుంటుంది. డెంగీ వైరస్ మాయను దాటకపోయినా ముప్పే. తల్లి రక్తం చిక్కబడి మాయకు ప్రవాహం తగ్గితే బిడ్డకు ఆక్సిజన్ అందదు.

సెలైన్ ఎక్కించి, గంట గంటకీ చూసి గట్టెక్కించారు. మనవరాలు నెల ముందే, తక్కువ బరువుతో పుట్టింది. అది డెంగీ వల్లేనని ఎవరూ ఖాయంగా చెప్పలేరు. నాకు మాత్రం ఆ పోగొట్టుకున్న పూటే గుర్తొస్తుంది.

రాత్రి దోమతెర కట్టడం మాకు అలవాటే. కానీ డెంగీ దోమ పగలు కుడుతుంది. పెరట్లో సిమెంటు తొట్టి నీళ్లు పారబోసేదాన్ని గానీ గోడలు తోమేదాన్ని కాదు. ఆ దోమ గుడ్లు పొడిగోడకి అంటుకుని నెలల తరబడి బతుకుతాయి. ఇప్పుడు వారం వారం తోముతున్నాను. మా వీధిలో ఏ గర్భిణికి ఒళ్లు వెచ్చబడినా, మలేరియా పరీక్షతోపాటు అదే రోజు డెంగీదీ చేయించమని వెళ్లి చెబుతున్నాను.