మోపెడు కట్టెలు

వానలు పడేలోపు కరెంటు తీగలకి తగిలే కొమ్మలు నరకడం మా వీధిలో ఏటా జరిగేదే. ఈసారి మలుపులో ఉన్న నేరేడు చెట్టు వంతు వచ్చింది. పొద్దున తొమ్మిదింటికి మొదలుపెట్టి పదకొండింటికల్లా చేతి లావు కొమ్మలు ఓ గుట్ట, తొడ లావు కొమ్మ ఒకటి రోడ్డు మీద పడేశారు. మధ్యాహ్నం ట్రాక్టరు వచ్చింది, ఊరి బయట చెత్తకుప్పలో పోయడానికి. వెనక వీధిలో ఇడ్లీలు వేసి అమ్ముకునే ఆవిడ పరుగున వచ్చి, "బాబూ, ఆ లావు కొమ్మొకటి దించెయ్యి నాయనా, నేను మోసుకుపోతాను" అని అడిగింది. "కుదరదమ్మా, లోడు అక్కడ చూపించాలి" అన్నాడు డ్రైవరు. ఆవిడ కాసేపు ట్రాక్టరు వెనకే నడిచి, ఆగిపోయింది. సాయంత్రం అటువైపు నడకకి వెళ్తే కుప్పకి ఎవరో నిప్పు పెట్టి ఉన్నారు. పచ్చి ఆకు, ప్లాస్టిక్ సంచులు, నేరేడు కొమ్మ అన్నీ కలిసి ఒకటే నల్ల పొగ. నాలుగు రోజులైంది. ఆ పొగ ఇంకా నా కళ్ళ ముందు నుంచి పోలేదు.

నేరేడు కొమ్మంటే ఏమిటో మా మామ్మని అడగాలి. చెట్టు పేరు చెబితే చాలు, దాని మంట ఎలా ఉంటుందో చెప్పేది. నేరేడు గట్టి కట్టె, నీడపట్టున రెండు మూడు నెలలు ఎండితే నిప్పు నిలుస్తుంది. చింత మొద్దుకి సెగ ఎక్కువ, కానీ గొడ్డలికి లొంగదు. పెళ్ళి వంటలకీ ఇటుక బట్టీలకీ అది సరే, ఇంటి పొయ్యికి దండగ అనేది. సరుగుడంటే ఆవిడకి ప్రాణం. నిటారుగా పెరుగుతుంది కాబట్టి చీల్చడం సుఖం, కాస్త పచ్చిగా ఉన్నా అంటుకుంటుంది. సముద్రం వైపు మా మేనత్త గారి ఊళ్ళో సరుగుడు తోటల కింద రాలిన ఆకుని ఆడవాళ్ళు ఊడ్చి గోతాల్లో కుక్కి నెత్తిన పెట్టుకుని వెళ్ళేవారు. సూదుల్లాంటి ఆ ఆకు గుప్పెడుంటే పొయ్యి రాజుకోవడానికి కిరసనాయిలు చుక్క అక్కర్లేదు. తుమ్మ బొగ్గుకి పెట్టింది పేరు, కమ్మరి కొలిమికి అదే కావాలి. మునగా, బూరుగూ చూడ్డానికి కట్టెలే గానీ పొయ్యిలో కాగితంలా కాలిపోతాయి, అన్నం ఉడికేలోపు నాలుగుసార్లు ఎగదొయ్యాలి. రావి, మేడి పొయ్యిలో పెట్టనిచ్చేది కాదు, అవి హోమానికి.

కొబ్బరి సంగతి వేరే చెప్పాలి. మట్ట భగ్గున మండి చప్పున ఆరిపోతుంది. డొక్క అలా కాదు. రాత్రి నిప్పుల్లో ఒక డొక్క పెట్టి బూడిద కప్పేస్తే తెల్లారి ఊదుగొట్టంతో రెండుసార్లు ఊదితే చాలు, అగ్గిపుల్ల ఖర్చు లేదు. తేగలు తీసేశాక మిగిలే తాటి టెంకలు ఎండబెట్టి పోగేసేవాళ్ళం. పాలకి మాత్రం పిడకే. దాలిలో పిడకల సెగ మీద పొద్దుటి నుంచి సాయంత్రం దాకా కాగిన పాల మీగడ రంగు, వాసన ఇప్పుడు ఏ పొయ్యి మీదా రావు. ఎవరైనా వస్తాయంటే నేను ఒప్పుకోను.

ఇదంతా ఎందుకు చెబుతున్నానంటే, మాకు ఇవేవీ కొన్న కట్టెలు కావు. మాది గోదావరి లంక. లంకలో అడవి ఉండదు. కొబ్బరి, అరటి, పాదులు తప్ప దుంగన్నది కనబడదు. రోజువారీకి మట్టలు, డొక్కలు, గట్టు వెంట ఏరుకొచ్చిన చితుకులు. దుంగ కావాలంటే గోదావరే తేవాలి. శ్రావణంలో ఎర్రనీరు తగిలిందంటే ఊరు ఊరంతా పాయ వైపు చూస్తూ ఉండేది. ప్రాణహిత, ఇంద్రావతి, శబరి వచ్చే కొండల్లో విరిగిపడిన చెట్లు పాపికొండల ఇరుకు దాటి, ధవళేశ్వరం గేట్లు దాటి మా దాకా వచ్చేవి. టేకు, మద్ది, వెదురు బొంగులు, వేళ్ళతో సహా పెకలించుకొచ్చిన పేరు తెలియని మానులు. గట్టు మీద మగవాళ్ళు వెదురు గెడల చివర ఇనప కొక్కేలు కట్టి, నడుముకి మోకు బిగించుకుని నిలబడేవారు. మోకు రెండో చివర కొబ్బరి చెట్టుకి. ఎవరి కొక్కెం ముందు పడితే కట్టె వాళ్ళది. దాని మీద తగువు వచ్చినట్టు నాకు గుర్తు లేదు.

1986 ఆగస్టు వరదప్పుడు నేను ఐదో తరగతి. భద్రాచలం దగ్గర గోదావరి 75.6 అడుగులు ఎక్కింది. అక్కడ 53 అడుగులకే మూడో ప్రమాద హెచ్చరిక ఇస్తారు, దాన్నిబట్టి అర్థం చేసుకోండి. ధవళేశ్వరం నుంచి 35 లక్షల క్యూసెక్కులకి పైగా నీళ్ళు వదిలారు. మేం తొమ్మిది రోజులు ఏటిగట్టు మీద పరదాల కింద ఉన్నాం. నీళ్ళు తీశాక ఇంటికి వెళ్ళి చూస్తే పశువుల పాక లేదు. పాక ఉన్నచోట ఒక మాను పడుకుని ఉంది. ఇద్దరు మనుషులు చేతులు చాచి పట్టుకున్నా అందనంత మాను. మామ్మ పాక కోసం కాసేపు ఏడ్చింది. తర్వాత కొంగుతో కళ్ళు తుడుచుకుని, మానుకి అంటిన ఒండ్రు గోరుతో గీకి, బెరడు చూసి, "మద్ది" అంది. ఆ ఒక్క మాటతో మా ఇంట్లో మళ్ళీ ఊపిరి ఆడింది.

నాన్నగారూ చిన్నాన్నా దాన్ని కొట్టడానికి రెండు నెలలు పట్టింది. వరద కట్టెతో వచ్చే చిక్కేమిటంటే పగుళ్ళన్నిటిలోనూ ఇసుక దూరి ఉంటుంది. నాలుగు దెబ్బలకే గొడ్డలి పదును పోయేది. నేను పక్కన కూచుని సానరాయి మీద నీళ్ళు పోస్తూ ఉండేవాణ్ణి. మొదటిరోజు తొర్రలోంచి జెర్రిపోతు బయటికొచ్చింది. అదీ మాలాగే వరదలో కొట్టుకొచ్చిందని మామ్మ దాన్ని కొట్టనివ్వలేదు. చీలికలు పొయ్యి మీద అటకకి ఎక్కించాం. పచ్చికట్టె బరువులో సగం దాకా నీళ్ళే ఉంటాయి, నానిన మాను సంగతి చెప్పక్కర్లేదు. కింద వంట చేస్తున్న పొగకే పైన కట్టె ఆరేది. కార్తీకం నుంచి మొదలుపెట్టి ఉగాది దాకా ఆ మాను మమ్మల్ని పోషించింది. ఆ యేడు పంట లేదు, పాడి లేదు. ఇంట్లో నిండుగా ఉన్నది కట్టె ఒక్కటే.

అయితే వరద కట్టె కోసం ప్రాణాలు పోయినవాళ్ళూ ఉన్నారు. మా పక్క రేవులో ఒకాయన మోకు కట్టుకోకుండా దిగి తిరిగి రాలేదు. 2022 జూలైలో భద్రాచలం దగ్గర 71.3 అడుగులు వచ్చినప్పుడు కుర్రాళ్ళు దుంగల మీదెక్కి ఒడ్డుకి తోసుకొస్తుంటే టీవీలో చూశాను. ఊళ్ళో ఉండి ఉంటే అడ్డం పడి ఆపేవాణ్ణి. ఏ దుంగా అంత విలువైంది కాదు.

ఇంకొక సంగతి పెద్దయ్యాక తెలిసింది. 1927లో తెల్లవాళ్ళు చేసిన భారత అటవీ చట్టం 45వ సెక్షన్ ప్రకారం నీళ్ళలో కొట్టుకొచ్చి ఒడ్డుకి చేరిన కలప, ఎవరైనా తమదని రుజువు చేసుకునేదాకా, సర్కారుదే. పక్షి వదిలేసిన గూటి మీద కూడా హక్కు రాసుకునే బుద్ధి అది. పల్నాడులో అడవి మీద పుల్లరి వేసింది ఆ బుద్ధే. అడవి అంచున పుట్టి పెరిగిన రైతు తన పశువుని ఆ అడవిలోకి తోలుకోవడానికి పన్ను కట్టాలన్నారు. కట్టనన్న కన్నెగంటి హనుమంతు 1922లో మించాలపాడులో పోలీసుల తుపాకులకి బలయ్యాడు. ఆయన పేరు విన్నప్పుడల్లా నాకు పెద్ద పెద్ద మాటలు గుర్తుకు రావు. మేతకి వెళ్ళే ఎద్దులు, నెత్తిన మోపుతో గట్టు దిగే ఆడవాళ్ళు గుర్తొస్తారు.

ఊరికే దొరికిందని అంటాంగానీ, మోపు మోసినవాళ్ళెవరూ ఆ మాట అనరు. మోపు కట్టడం ఒక విద్య. కింద తాడు పరిచి, లావు కట్టెలు మధ్యలో, సన్నవి చుట్టూ, మొదళ్ళు కొన్ని ఇటూ కొన్ని అటూ పెట్టాలి. లేకపోతే నడుస్తుంటే ఒకవైపు వాలి మెడ పట్టేస్తుంది. పాత చీర ముక్క చుట్టకుదురుగా చుట్టి నెత్తిన పెట్టుకుంటే మాడు ఒత్తుకోదు. మోపు ఎత్తడానికి ఒక మనిషి సాయం కావాలి, దించడానికి ఇంకో మనిషి కావాలి. మామ్మ ఒక్కతే వెళ్ళినప్పుడు గట్టు మీద తూము గోడ దగ్గర ఆగేది. ఆ గోడ సరిగ్గా ఆవిడ నెత్తి ఎత్తు. వెనక్కి తిరిగి మోపు గోడ మీదకి ఆనించి, కాసేపు ఊపిరి పీల్చుకుని, వంగి మళ్ళీ నెత్తికెత్తుకునేది. ఆ తూము ఇప్పుడు లేదు, గట్టు వెడల్పు చేసినప్పుడు తీసేశారు. ఊరు వెళ్ళినప్పుడల్లా అది ఉన్నచోట నాకు కాళ్ళు ఆగుతాయి.

కట్టెల పొయ్యి మళ్ళీ రావాలని నేను కోరుకోవడం లేదు. మామ్మ చివరి పదేళ్ళూ దగ్గుతోనే గడిచాయి. కళ్ళల్లో ఎప్పుడూ నీళ్ళే. 1999లో దీపం పథకం కింద ఊళ్ళో గ్యాసు పొయ్యిలు ఇచ్చినప్పుడు మా అమ్మ దానికి పసుపు రాసి బొట్టు పెట్టింది. ఆ బొట్టు పెట్టిన చెయ్యి అంతకుముందు ఎన్నేళ్ళు పొగలో ఉందో నాకు తెలుసు. కానీ ఇప్పటికీ సిలిండరు అయిపోతే మళ్ళీ నింపించుకోవడానికి నాలుగు రోజులు ఆగాల్సిన ఇళ్ళు ఉన్నాయి. కాగులో నీళ్ళు కాచుకునేవాళ్ళున్నారు, ఇస్త్రీ బండి బొగ్గు కొనుక్కునేవాళ్ళున్నారు, ఇడ్లీ పాత్ర కింద పుల్లలు ఎగదోసేవాళ్ళున్నారు. వాళ్ళకి పనికొచ్చే కట్టెని వాళ్ళ కళ్ళ ముందే చెత్తలో పోసి తగలబెట్టడం నేను క్షమించలేను. పొగ ఎలాగూ వచ్చింది. అదేదో ఒక పొయ్యి కింద వచ్చి ఉంటే నాలుగు వాయిల ఇడ్లీలైనా ఉడికేవి.

మీ వీధిలో చెట్టు కొట్టించేటప్పుడు, గాలివానకి కొమ్మ విరిగిపడినప్పుడు, ట్రాక్టరుకి ఫోన్ చేసే ముందు ఒక్క పని చేయండి. ఆకు దూసేసి కట్టెలు గోడ పక్కన దారికి అడ్డం లేకుండా పేర్చండి. రెండు రోజులు ఉంచండి. కావలసినవాళ్ళు వాళ్ళే వస్తారు. వచ్చినప్పుడు ఆ మోపు కాస్త నెత్తికెత్తి పెట్టండి.