పేరు పెట్టకముందు



మన పల్లెల్లో జబ్బుకు పేరు పెట్టడానికి ఎవరూ ఆలస్యం చేయరు. కడుపు నొస్తాందంటే వేడి చేసింది అంటారు. బిడ్డ పాలు తాగకపోతే దిష్టి తగిలింది. కాళ్లు వాస్తే నీరు పట్టింది, కళ్లు తిరిగితే పైత్యం. పక్కింటి అవ్వ మొదలు అంగట్లో శెట్టి వరకు ప్రతివారి దగ్గరా ఒక పేరు సిద్ధంగా ఉంటుంది. నిదానించి చూసేవారే తక్కువ. నర్సింగు స్కూలులో మూడేళ్లు నేనేమి నేర్చుకున్నానని ఎవరైనా అడిగితే, పేరు పెట్టకముందు చూడటం నేర్చుకున్నానని చెబుతాను.

మాది బ్రహ్మంగారిమఠానికి నాలుగు మైళ్ల దూరంలో ఒక చిన్న పల్లె. తూర్పున నల్లమల కొండలు. అప్పటికి బ్రహ్మంసాగరు నీళ్లు మా పొలాలకు రాలేదు, బావి కింద ఉన్నంతలోనే పసుపు, వేరుశనగ. మా సంఘం పదిహేను ఇళ్లు. ఇంటర్ ముగించి 1991లో నేను ఒక మిషను ఆసుపత్రి నర్సింగు స్కూలులో చేరినప్పుడు నాయనకు ఎవరూ అడ్డు చెప్పలేదు. లండన్ మిషనువారు జమ్మలమడుగులో స్థాపించిన క్యాంబెల్ ఆసుపత్రి పేరు వినని క్రైస్తవ కుటుంబం మా వైపు అరుదు. ఇక వేలూరు సంగతి చెప్పనక్కరలేదు. అక్కడ ఐడా స్కడ్డర్ దొరసానమ్మ నర్సుల స్కూలు మొదలుపెట్టింది 1909లో. ఆడపిల్ల నర్సు చదువుకు పోతుందంటే మా పెద్దలకు అది తెలిసిన దారే.

మొదటి సంవత్సరం నాకు అన్నిటికంటే వింతగా తోచినది, రోగిని పరీక్షించే పాఠం. చూడటం, తాకడం, తట్టడం, వినడం. ఈ నాలుగూ ఇదే వరుసలో చేయాలి. పొట్ట దగ్గర మాత్రం వరుస మారుతుంది. చూసిన వెంటనే వినాలి, తర్వాతే తట్టడం, తాకడం. ముందే చేత్తో నొక్కితే పేగుల కదలిక మారిపోయి, వినవలసిన శబ్దం కూడా మారుతుంది. ఇంత చిన్న విషయంలో ఇంత ఆలోచన ఉందా అని ఆశ్చర్యపడ్డాను.

మా ట్యూటరమ్మ మమ్మల్ని రోగి మంచం దగ్గర నిలబెట్టి, ఐదు నిమిషాలు చేతులు వెనక్కి కట్టుకొని చూడమనేది. అంతే, తాకకూడదు. ఆ తర్వాత బయటికి తీసుకొనిపోయి ఏం చూశారని అడిగేది. "ఆయాసంగా ఉన్నాడు సిస్టర్" అంటే ఒప్పుకునేది కాదు. "ఆయాసం నీ అభిప్రాయం. నువ్వు చూసిందేమి? ముక్కుపుటాలు అదురుతున్నాయా? మెడ నరాలు లేచినాయా? మాట మధ్యలో ఆగుతున్నాడా? నిమిషానికి ఎన్నిసార్లు ఊపిరి తీస్తున్నాడు?" ఇట్లా ఉండేది ఆమె వరస. కేస్ షీటులో జబ్బు పేరు రాస్తే ఎర్ర సిరాతో కొట్టివేసేది. పేరు పెట్టడం డాక్టరు పని, కన్నదీ విన్నదీ ఉన్నదున్నట్టు రాయడం నర్సు పని అని ఆమె సిద్ధాంతం. అప్పట్లో అది మమ్మల్ని తక్కువ చేసినట్టు అనిపించేది. ఆ కట్టడి వెనుక ఎంత బలముందో ముందుముందు తెలిసింది.

ఊపిరి లెక్కపెట్టడంలో ఒక ఉపాయముంది. లెక్కపెడుతున్నారని తెలిస్తే ఎవరూ మామూలుగా ఊపిరి తీయలేరు. కాబట్టి నాడి చూస్తున్నట్టు మణికట్టు పట్టుకొనే ఉండి, కన్ను రొమ్ము మీద పెట్టి ఒక నిండు నిమిషం లెక్కించాలి. పెద్దవారికి 12 నుండి 20 వరకు మామూలు. దగ్గు, జలుబు ఉన్న పసిబిడ్డల విషయంలో తల్లులు ఈ లెక్క తెలుసుకొని ఉండటం మంచిది. రెండు నెలల లోపు బిడ్డకు 60 గాని అంతకంటే ఎక్కువ గాని, రెండు నెలలు దాటి ఏడాది లోపు 50, ఏడాది నుండి ఐదేళ్ల లోపు 40, ఈ లెక్క చేరితే న్యుమోనియా కావచ్చు, ఆసుపత్రికి తీసుకొనిపోవాలి. బిడ్డ ఏడవకుండా ఉన్నప్పుడు లెక్కపెట్టండి. గడియారం ఉంటే చాలు.

కింది కనురెప్ప లాగి చూడటం కూడా అప్పుడే నేర్చుకున్నాను. లోపల ఎర్రగా ఉండవలసిన చోట తెల్లగా పాలిపోయి ఉంటే రక్తం తక్కువగా ఉందని అనుమానించాలి. 2019-21లో జరిగిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో మన దేశంలో 15 నుండి 49 ఏళ్ల స్త్రీలలో నూటికి 57 మందికి రక్తహీనత ఉన్నట్టు తేలింది. ఆదివారం గుడిలో మీ ముందు వరుసలో కూర్చున్న చెల్లెళ్లను ఒకసారి తలచుకోండి. సగానికి పైగా!

అడగడం మరొక విద్య. అత్తగారు పక్కనుంటే కోడలు నొప్పి ఎక్కడో చెప్పదు. భర్త పక్కనుంటే తెల్లబట్ట మాట ఎత్తదు. వారిని నీళ్లు తెమ్మనో, చీటీ కట్టించుకొని రమ్మనో పంపి, అప్పుడు అడగాలి. అడిగిన తర్వాత నోరు మూసుకొని ఉండాలి. ఈ రెండోదే కష్టం.

ఇక తట్టడం. ఎడమ చేతి నడిమి వేలు రోగి వీపు మీద గట్టిగా ఆనించి, దాని కణుపు మీద కుడి చేతి నడిమి వేలి కొనతో, మణికట్టు మాత్రమే కదిలేటట్టు కొట్టాలి. గాలి నిండిన ఊపిరితిత్తి మీద గుల్లగా మోగుతుంది. కాలేయం మీద మొద్దుగా పలుకుతుంది. హాస్టలు గోడలు, బెంచీలు, ఒకరి వీపులొకరం, దేన్నీ వదలలేదు మేము. నా కణుపు కమిలి నల్లబడింది. ఈ విద్యను లోకానికి చెప్పినవాడు ఆస్ట్రియా దేశపు ఆవెన్‌బ్రుగ్గర్ అనే డాక్టరు, 1761లో. ఆయన తండ్రి సత్రం నడిపేవాడు. ద్రాక్షారసపు పీపాను తట్టి లోపల ఎంతవరకు ఉందో తెలుసుకోవడం చిన్నప్పుడు అక్కడ చూశాడని, అదే మనుష్యుల రొమ్ముకు అన్వయించాడని చెబుతారు. చాలా ఏళ్లు ఆయన మాట పెద్దగా ఎవరూ పట్టించుకోలేదు. 1808లో కొర్విసార్ అనే ఫ్రెంచి డాక్టరు ఆ పుస్తకాన్ని తన భాషలోకి తెచ్చిన తర్వాతనే దానికి విలువ వచ్చింది. స్టెతస్కోపు 1816లో పుట్టింది. పారిసులో లెనెక్ అనే డాక్టరు ఒక యువతి రొమ్ముకు చెవి ఆనించడానికి సంకోచించి, కాగితాలు గొట్టంలాగా చుట్టి విన్నాడట. ఒక ఆడమనిషి మర్యాద కాపాడబోయి కనుగొన్న పనిముట్టు అది. రొమ్ము జబ్బుల శబ్దాలను అంత శ్రద్ధగా విన్న ఆయన 1826లో క్షయతోనే చనిపోయాడు.

క్షయ మాట వచ్చింది గనుక మా అబ్బ సంగతి చెబుతాను.

1993 క్రిస్మసు సెలవులకు ఇంటికి వచ్చాను. అబ్బ మా సంఘంలో పాటలకు ముందు గొంతు. ఆ యేడు క్యారల్సుకు రాలేదు, అరుగు మీదనే కూర్చున్నాడు. మూడు మాటలు పలికి ఒకసారి ఆగుతున్నాడు. చొక్కా వదులైంది. రాత్రి పడుకుంటే ఎప్పుడూ కుడి పక్కకే. పలకరిస్తూ చేయి పట్టుకొని లెక్కపెట్టాను. ఊపిరి 28, నాడి 104.

"దగ్గు ఎన్నాళ్ల నుంచి అబ్బా?" అన్నాను.

"చలికి పాపా. బాగుండాను" అన్నాడు. జేజి తల వంచుకొని చాటలో బియ్యం ఏరుతూ ఉంది. జేజి ఒక్కతే బావి దగ్గర ఉన్నప్పుడు మళ్లీ అడిగాను. రెండు నెలలైందట. సాయంత్రమయ్యేసరికి ఒళ్లు కాలుతుందట, తెల్లవారుజామున చొక్కా పిండితే చెమట కారుతుందట. మరి ఎందుకు చెప్పలేదంటే, జనవరిలో మా చెల్లెలి ప్రధానం. అబ్బాయివాళ్లు ప్రొద్దుటూరు. ఆ ఇంట్లో ముసలాయన దగ్గుతాడని తెలిస్తే సంబంధం నిలవదని అబ్బ జేజి చేత ఒట్టు పెట్టించుకున్నాడు. మా వైపు ఆ జబ్బు పేరు ఎత్తరు. "మదనపల్లెకు పోయినాడంట" అంటే చాలు, అక్కడి ఆరోగ్యవరం శానిటోరియం అందరికీ అర్థమయ్యేది.

మరునాడు పగటివేళ కొట్టంలో, వెలుతురు పడేచోట అబ్బను కూర్చోబెట్టి చొక్కా తీయమన్నాను. వెనుక నుండి చూస్తే ఊపిరి తీసినప్పుడు ఎడమవైపు లేచినంతగా కుడివైపు లేవడం లేదు. రెండు అరచేతులు వీపు మీద పెట్టి, "తొంభై తొమ్మిది అను అబ్బా" అన్నాను. ఆ పలుకు అదురు చేతికి తగులుతుందా లేదా అని చూడటానికి.

"తొంభై తొమ్మిది" అన్నాడు. దమ్ము తీసుకొని, "తప్పిపోయిన ఆ ఒక్కదాని సంగతేంది మ్మే?" అన్నాడు. అంత ఆయాసంలోనూ ఆయనకు ఉపమానమే గుర్తుకొచ్చింది.

ఎడమ చేతికి అదురు తెలిసింది. కుడి చేతి కింద ఏమీ లేదు. తట్టాను. రెక్క ఎముక వరకు గుల్లగా మోగి, దాని కింద ఒక్కసారిగా మొద్దుబారింది, నిండు కుండను తట్టినట్టు. నాయన అప్పు చేసి కొనిచ్చిన స్టెతస్కోపు పెట్టాను. అక్కడ ఊపిరి శబ్దమే లేదు.

నోట్సులోంచి ఒక కాగితం చించి, కన్నదీ విన్నదీ అంకెలతో సహా రాశాను. నాయన వచ్చి, "ఏం జబ్బని రాసినావు?" అని గట్టిగా అడిగాడు. పెండ్లి అయ్యేదాకా ఎక్కడికీ తీసుకుపోయేది లేదని అప్పటికే చెప్పి ఉన్నాడు.

"జబ్బు పేరు రాయలేదు నాయనా. చూసింది రాసినాను" అన్నాను.

కాగితం అటూ ఇటూ తిప్పి చూశాడు. నిజంగానే పేరు లేదు. కొంతసేపు మాట్లాడలేదు. ఆ తర్వాత పొద్దున్నే మైదుకూరు బస్సుకు అబ్బను సిద్ధం చేయమని జేజికి చెప్పాడు. ఆ జబ్బు పేరు నేను రాసి ఉంటే ఆ కాగితం మా గడప దాటేది కాదని ఇప్పటికీ నా నమ్మకం.

ఆసుపత్రిలో డాక్టరుగారు కాగితం చదివి, తానూ తట్టి చూసి ఎక్స్‌రే తీయించారు. ఊపిరితిత్తి చుట్టూ నీరు. సూదితో తీస్తే ఎండుగడ్డి రంగులో వచ్చింది. కళ్లె పరీక్షలో క్రిములు కనబడలేదు, గనుక ఇతరులకు అంటుకుంటుందన్న భయం తక్కువన్నారు. ఆరు నెలల మాత్రలు. ఆ మాత్రలకు మూత్రం ఎర్రగా వస్తుందని అబ్బకు ముందే చెప్పి ఉంచాను. చెప్పకపోతే రక్తమనుకొని చాలామంది మానేస్తారు. అబ్బ గోడ మీద బొగ్గుతో గీతలు గీసి లెక్క పెట్టుకుంటూ మింగాడు.

ఇప్పుడు ఈ మాత్రలు ప్రభుత్వ ఆసుపత్రుల్లో ఉచితం. 2018 నుండి రోగికి ఆహారం కొరకు నెలకు 500 రూపాయలు ఇచ్చేవారు, 2024 నవంబరు నుండి దాన్ని 1000 చేశారు. రెండు వారాలు దాటిన దగ్గు ఎవరికున్నా, దయచేసి, పరీక్ష చేయించండి. మాత్రలు మధ్యలో మానవద్దు.

సంబంధం మాత్రం నిలవలేదు. ఎవరు చేరవేశారో, ప్రధానానికి వారం ముందు ప్రొద్దుటూరు నుండి మనిషి వచ్చి, అబ్బాయికి ఇప్పుడే చేయదలచుకోలేదని చెప్పిపోయాడు. నాయన నాతో చాలా రోజులు సరిగా మాట్లాడలేదు. అబ్బ అయితే, "నా రొమ్ము చప్పుడు బిడ్డ పెండ్లి చెడగొట్టె" అని ఏడ్చాడు. చెల్లెలు ఆయనకు మాత్రలు, నీళ్లు అందించి, మింగేదాకా అక్కడే నిలబడేది. ఒక్క మాట కూడా అనలేదు. ఆ మౌనం నాకు నాయన కోపం కంటే బరువుగా ఉండేది. అయినా ఆ కాగితం రాయకుండా ఉండవలసిందని నాకు ఏనాడూ తోచలేదు.

చెల్లెలి పెద్ద కూతురు ఇప్పుడు బి.యస్సీ. నర్సింగు చదువుతోంది. 2021 నాటి కొత్త పాఠ్యక్రమంలో ఈ విద్యకు హెల్త్ అసెస్‌మెంట్ అని ప్రత్యేకంగా ఒక మాడ్యూలే ఉంది. మేము ముక్కలు ముక్కలుగా నేర్చుకున్నదంతా వాళ్లకు తల నుండి పాదం వరకు ఒక వరుసలో ఉంది. చూసి సంతోషించాను, కొంచెం అసూయ కూడా పడ్డాను. సెలవులకు వస్తే ఇంట్లో ఎవరి వీపూ వదలదు.

దాని తల్లికి 1996లో పోరుమామిళ్ల వైపు సంబంధం కుదిరింది. వాళ్లు చూపులకు వచ్చిన రోజు, ఎవరూ అడగకముందే అబ్బ తన జబ్బు సంగతి, తీసిన నీటి సంగతి, మింగిన మాత్రల లెక్క అంతా చెప్పేశాడు. నాయన ముఖం నల్లబడింది. అబ్బాయి తల్లి కొంగు సర్దుకొని, "ఇప్పుడు దగ్గు ఉందా?" అని అడిగింది.

"లేదమ్మా" అన్నాడు అబ్బ.

"అట్లయితే కాఫీ ఇయ్యండి, ఎండలో వచ్చినాం" అంది ఆమె.