మిలటరీ మాధవరంలో ఒక పూట

మా తాతగారు రెండో ప్రపంచ యుద్ధంలో బర్మా వెళ్ళొచ్చారు. ఏ పటాలంలో పనిచేశారో మా ఇంట్లో ఎవరికీ తెలియదు. డిశ్చార్జి కాగితాన్ని ట్రంకుపెట్టెలోనే చెదలు తినేశాయి. ఆ వెలితే నన్ను మొన్న తెల్లవారుజామున గుంటూరులో బస్సెక్కించింది. మిర్చి యార్డు వైపు టిక్కీల లారీలు అప్పటికే బారులు తీరాయి. బెజవాడ, ఏలూరు దాటి తాడేపల్లిగూడెంలో దిగి, ఆటోలో సిపాయిల ఊరు మాధవరం చేరాను.

మిలటరీ మాధవరం అంటే తప్ప ఆటోవాళ్ళకు అర్థం కాదు. అరుగు మీదున్న రిటైర్డు హవల్దారు గారు కుర్చీ వేయించారు. "మా నాన్న, నేను, మా పెద్దాడు... మూడు తరాలండి" అన్నారు. ఆ వెంటనే, "మీ తాతగారి సర్వీసు నంబరెంత బాబూ?" అని అడిగారు. తలదించుకున్నాను.

ఇక్కడ లెక్క నోటిమీదే ఉంటుంది. మొదటి ప్రపంచ యుద్ధానికి 90 మంది, రెండో దానికి 1,110 మంది వెళ్ళారంటారు. ఈ ఊరి రావు బహదూర్ సుబేదార్ వేంపల్లి వెంకటాచలం పేరెత్తినప్పుడు హవల్దారు గారు సర్దుకుని నిటారుగా కూర్చున్నారు. పిల్లలకు మేజర్, కెప్టెన్ అని పేర్లు పెట్టుకున్న ఇళ్ళూ ఉన్నాయి.

90 ఎక్కడ, 1,110 ఎక్కడ! ఈ రెండు యుద్ధాల నడుమ జరిగిన అన్యాయాన్ని మనం మరవకూడదు. దక్షిణాదివాళ్ళు యోధజాతి కాదని తెల్లదొరలు తేల్చేశారు. 1758లో మొదలైన మద్రాసు పదాతి దళాన్ని మొదటి యుద్ధం తర్వాత ఒక్కొక్క పటాలంగా రద్దు చేశారు. రెండో యుద్ధం ముంచుకొచ్చాక, 1941లో, మద్రాసు రెజిమెంటును మళ్ళీ నిలబెట్టారు. పనికిరారన్న మనుషులే బర్మా అడవుల్లో పోరాడారు.

మా తాత పటాలం పేరు మాకే తెలియదు గానీ, అమెరికా అంతర్యుద్ధంలో ఓడిన అక్కడి దక్షిణాది పటాలాలకు సైతం కంపెనీలవారీగా సిపాయిల పేర్ల పట్టికలు అచ్చయి ఉన్నాయి. 1861–65 నాటి ఆ యుద్ధమే మన పత్తికి ధర తెచ్చింది. పొగాకు, పత్తి, మిర్చి ధరలు నాలుగు తరాలవి చెప్పగలిగే మా ఊళ్ళలో, యుద్ధానికి వెళ్ళిన మనిషి నంబరు మాత్రం ఎవరూ చెప్పలేరు.

తిరిగొచ్చేటప్పుడు హవల్దారు గారు తన పెన్షన్ పుస్తకం చూపించారు. ప్లాస్టిక్ కవర్లో భద్రంగా ఉంది.

గుంటూరు, ప్రకాశం జిల్లాల్లో మిలటరీకి వెళ్ళొచ్చిన తాతలున్న ఇళ్ళవాళ్ళు ఈ ఆదివారం అటక మీది పెట్టె దించండి. నంబరు, పటాలం పేరు, చేరిన ఏడు ఒక నోటుబుక్కులో రాసిపెట్టండి.