ఆరుద్ర కార్తెలో తోమాసు పండుగ

పాత కరీంనగర్ జిల్లాకూ పాత ఆదిలాబాద్ జిల్లాకూ నడుమ హద్దు గోదావరి. 2016 అక్టోబరులో జిల్లాలు చీలి పేర్లు మారినా కతోలికుల లెక్కలో ఆ హద్దు అట్లాగే ఉంది. నదికి ఇవతల వరంగల్ మేత్రాసనం. 1952లో ఏర్పడిన ఈ మేత్రాసనానికి మొదటి పీఠాధిపతి ఇటలీలోని మిలాన్ మిషనరీ సంఘానికి చెందిన ఆల్ఫాన్సో బెరెట్టా. ఇక్కడ పూజ లాటిన్ ఆచారంలో జరుగుతుంది. నదికి అవతల ఆదిలాబాద్ మేత్రాసనం. 1999లో మహారాష్ట్రలోని చాందా మేత్రాసనం నుంచి విడిపోయింది, మొదటి పీఠాధిపతి మార్ జోసఫ్ కున్నత్. అక్కడిది సీరో మలబార్ ఆచారం. తమ విశ్వాసానికి మూలపురుషుడు అపోస్తలుడైన పునీత తోమాసు అని చెప్పుకునే కేరళ క్రైస్తవుల ఆచారం అది.

జూలై 3 ఆ తోమాసు పండుగ. ఆ రోజుకు మంచిర్యాల చేరాలని కరీంనగర్ నుంచి నా ప్రయాణం. దేవుడు పలకనప్పుడు ఈ ఊళ్లలోని కతోలికులు ఏం చేస్తారో చూడాలన్నదే నా ఆలోచన. ప్రార్థన నెరవేరిన సాక్ష్యాలు ఏ సభలోనైనా వినవచ్చు. నెరవేరని ప్రార్థనతో ఏళ్లకేళ్లు బతుకుతున్నవాళ్లు మైకు ముందుకు రారు. వాళ్ల దగ్గరికి మనమే పోవాలి.

కరీంనగర్‌లో ఒక గుడిలో సాయంత్రం దివ్యసత్ప్రసాద ఆరాధన. సత్ప్రసాదాన్ని పీఠం మీద నిలిపాక అరగంట ఎవరూ మాట్లాడరు. పాటకూ డోలుకూ అలవాటుపడ్డ మన తెలుగు గుళ్లలో ఈ అరగంట కొత్తవాళ్లకు కష్టం. మొదటి అయిదు నిమిషాలు దగ్గులు, పిల్లల గునుపులు. తర్వాత ఫ్యాన్ల చప్పుడు మాత్రమే. నా పక్కన కూర్చున్న పెద్దమ్మ జపమాల ఒకచోట తెగితే పిన్నీసుతో కలుపుకుంది. పూసలు తిప్పుతూ తిప్పుతూ ఆ పిన్నీసు దగ్గరికి రాగానే ఆమె వేలు ఆగుతుంది, గుచ్చుకోకుండా పక్కనుంచి తిరిగి మళ్లీ పూస మీదికి పోతుంది.

ఆమె కొడుకు గల్ఫ్‌లో ఉన్నాడు. పనిచేసిన కంపెనీ మూతపడింది. రావాల్సిన జీతం రాలేదు, చేతిలో పాస్‌పోర్టు లేదు. కరీంనగర్, జగిత్యాల, సిరిసిల్ల వైపు ఇట్లాంటి కథ లేని ఊరు తక్కువ.

“గిన్ని దినాలాయె, దేవుడు ఏమన్న జెప్పిండా అని మా బిడ్డ అడుగుతది,” అంది గుడి మెట్ల మీద చెప్పులు తొడుక్కుంటూ. “ఏం జెప్పలే. జెప్పలేదని నేను గూడ ఇంట్ల కూసుంటె వాని పేరు ఎవలు దీస్తరు బిడ్డా?”

జవాబు రాకపోయినా రోజూ వచ్చి కొడుకు పేరు దేవుడి ముందు పలకడం ఆమె పెట్టుకున్న పని. ఈ పనిలో ఎంత బలం ఉందో దారి పొడుగునా మళ్లీ మళ్లీ తెలిసొచ్చింది.

రాజీవ్ రహదారి మీద పెద్దపల్లి వైపు బస్సు. చేతిలో 2007లో అచ్చయిన మదర్ తెరెసా ఉత్తరాల పుస్తకం. ఆమె చనిపోయిన పదేళ్లకు ఈ ఉత్తరాలు బయటికొచ్చినప్పుడు ప్రపంచం ఉలిక్కిపడింది. 1946 సెప్టెంబరు 10న డార్జిలింగ్ పోయే రైల్లో పేదల్లో నిరుపేదల కోసం తనకు పిలుపు వినిపించిందని చెప్పిన మనిషి, పని మొదలైనప్పటి నుంచి దాదాపు యాభై ఏళ్లు ప్రార్థనలో దేవుని సాన్నిధ్యమే తెలియక నలిగిపోయింది. 1958లో కొన్ని వారాలు తెరిపి. ఆ తర్వాత మళ్లీ అదే చీకటి. ఆ ఉత్తరాలను తగలబెట్టమని ఆమె వేడుకుంది. పెద్దలు ఒప్పుకోలేదు. ఒప్పుకోకపోవడమే మేలయింది.

1961 ప్రాంతంలో యేసుసభ గురువు జోసఫ్ నాయ్‌నర్ ఆమెకు ఒక దారి చూపించారు. ఈ చీకటికి మనిషి చేతిలో మందు లేదన్నారు. దేవుడు దగ్గర ఉండడం వేరు, ఉన్నట్టు మనకు అనిపించడం వేరన్నారు. ఆయన కోసం తీరకుండా ఉన్న దప్పికే ఆయన లోపల ఉన్నాడనడానికి గుర్తు అన్నారు. ఆమె చీకటి పోలేదు. ఆ మాటలు విన్నాక మాత్రం ఆ చీకటితో పోట్లాడడం మానుకుంది. తెల్లవారుజామునే లేచి ప్రార్థన, తర్వాత రోడ్ల మీద పడివున్నవాళ్ల దగ్గరికి, ఇదే క్రమంలో 1997 దాకా నడిచింది. 2016లో ఆమెను పునీతురాలిగా ప్రకటించినప్పుడు శ్రీసభకు ఈ ఉత్తరాలన్నీ తెలుసు.

గోదావరిఖనిలో గాలికే బొగ్గు వాసన. ఇక్కడ గనిని బాయి అంటారు, డ్యూటీకి పోవడమంటే బాయికి పోవడం. రిటైరయిన కార్మికుడొకాయన బస్టాండు దగ్గర చాయ్ ఇప్పించి కూర్చోబెట్టాడు. భూమి లోపల కప్పు పడకుండా ఆపు పెట్టే పని చేసేవాడట. షిఫ్టులో అడుగుపెట్టగానే ఇనుప రాడ్‌తో కప్పును కొట్టి వినాలి. గట్టి రాయైతే ఖంగుమంటుంది, పట్టు వదిలిన రాయైతే డొల్లగా పలుకుతుంది. ఆ డొల్ల చప్పుడు ఎట్లా ఉంటుందో బల్ల మీద వేళ్లతో కొట్టి చూపించాడు. రెండుసార్లు కొట్టి తల అడ్డంగా ఊపాడు, ఆ శబ్దం బల్ల మీద రాదన్నట్టు.

2003 జూన్ 16న జీడీకే 7 ఎల్‌ఈపీ గనిలోకి నీళ్లు విరుచుకుపడి 17 మంది చనిపోయారు. ఆయన అప్పుడు వేరే గనిలో ఉన్నాడు. చనిపోయినవాళ్లలో తెలిసినవాళ్లున్నారు. బయట గేటు దగ్గర ఇంటివాళ్లు నిలబడి ఎదురుచూసిన ఆ గంటలు ఈ ఊరు మరిచిపోలేదు. ఎన్ని మొక్కులో, ఎన్ని మతాల మొక్కులో ఆ గేటు దగ్గర.

“అప్పటిసంది ఏడాది దాక గుడి మొకం సూడలే సార్,” అన్నాడు. “మా ఫాదర్ ఒక్కటి మంచిగ జేసిండు. దేవుని చిత్తం అని నాకు జెప్పలే. ఇంటికొచ్చేది, చాయ్ తాగేది, పోయేది. ఒకనాడు నేనే పోయి ఎనుక బెంచీల కూసున్న. ఇప్పటికీ గదే బెంచీ. నా ప్రశ్నకు జవాబు రాలే. అడుగుడు బంద్ జెయ్యలే.”

చావు ఇంటికి పోయి అంతా మన మంచికే జరిగిందని చెప్పి వచ్చేవాళ్లు చాలామంది. దేవుని తరఫున జవాబు చెప్పే తొందరే అది. దుఃఖంలో ఉన్నవాళ్లకు ఆ మాట రెండో దెబ్బ అవుతుంది. సిలువ మీద యేసుకు కూడా తండ్రి నుంచి జవాబు వినిపించలేదు. ఎందుకు విడిచిపెట్టావని 22వ కీర్తన మొదటి మాటలతోనే కేకపెట్టాడు. ఆ కేకను దాచకుండా రాసిపెట్టుకున్న సువార్తలు మనవి. నిలదీసి అడగడం ప్రార్థనకు బయటిదని ఎవరైనా అంటే, చాలా కీర్తనలను కొట్టేయాల్సి వస్తుంది.

గోదావరి వంతెన మీద బస్సు. నదిలో నీళ్లు సన్నగానే ఉన్నాయి. మిరుగం కార్తె దాటి ఆరుద్ర నడుస్తున్నా వానలు పట్టలేదు. వంతెన దాటాక శ్రీరాంపూర్ గనులు, ఆ తర్వాత మంచిర్యాల.

మంచిర్యాలలో కార్మెల్ అనగానే జనానికి బడి గుర్తొస్తుంది. ఆ పేరు వెనక పెద్ద చరిత్ర ఉంది. చాందా, ఆదిలాబాద్ అడవి ఊళ్లకు వచ్చిన కేరళ గురువులు కార్మెల్ సంప్రదాయానికి చెందిన సీఎంఐ సభవాళ్లు. ఆ సభకు పునాదిరాయి పడింది 1831 మే 11న, కేరళలోని మన్నానంలో. మూలపురుషులు ముగ్గురు. పాలక్కల్ తోమా మల్పాన్ 1841లో పోయారు, పోరూకర తోమా కత్తనార్ 1846లో పోయారు. మిగిలింది కురియాకోస్ ఏలియాస్ చావర. సభగా గుర్తింపు దొరికి ఆయన సన్యాస వ్రతాలు తీసుకుంది 1855 డిసెంబరు 8న. నడుమ ఇరవై నాలుగేళ్లు. రేపు ఈ సంఘం ఉంటుందో లేదో తెలియని ఆ కాలంలోనే వాళ్లు రోజూ ప్రార్థన గంట కొట్టారు, సెమినరీ నడిపారు, చేత్తో చేసిన చెక్క యంత్రంతో అచ్చాఫీసు పెట్టారు. 2014లో చావరను పునీతుడిగా ప్రకటించారు. ఆయన గొప్పతనం గురించి ఎన్ని చెప్పినా, ఆ ఇరవై నాలుగేళ్ల ఓర్పే నన్ను పట్టి ఆపుతుంది.

ఈ కార్మెల్ ఇంటికే ఇంకో పెద్ద దిక్కు సిలువ యోహాను. 1577 డిసెంబరులో సొంత సభవాళ్లే ఆయనను పట్టుకుపోయి స్పెయిన్‌లోని తొలేదోలో ఒక ఇరుకు గదిలో బంధించారు. తొమ్మిది నెలల తర్వాత తప్పించుకున్నాడు. ప్రార్థన ఎండిపోవడం గురించి ఆయనంత వివరంగా రాసినవాళ్లు లేరు. ఎండిపోయిన ప్రతి ప్రార్థనా దేవుని పని అని ఆయన అనలేదు. మూడు గుర్తులు కలిసి ఉండాలన్నాడు. దేవుని విషయాల్లోనే కాదు, లోకంలో దేనిలోనూ రుచి దొరకకపోవడం ఒకటి. నేను దేవునికి దూరమవుతున్నానేమో అనే దిగులు వదలకపోవడం రెండోది. ఇంతకుముందులా ధ్యానం చేయబోతే మనసు కదలకపోవడం మూడోది. బద్ధకాన్నీ మనోవ్యాధినీ ఆయన వేరుగా లెక్కపెట్టాడు. ఈ చివరి మాట మన గుళ్లలో గట్టిగా చెప్పాల్సింది. నిద్ర పట్టక, తిండి సయించక, బతుకు మీదే విరక్తి పుట్టినవాళ్లకు జపమాలతోపాటు డాక్టరు కూడా కావాలి.

జూలై 3 పొద్దున మంచిర్యాలలో కుర్బానా, అంటే సీరో మలబార్ పూజ, తెలుగులో. లాటిన్ పూజకు అలవాటుపడ్డవాళ్లకు ఒకచోట కొత్తగా ఉంటుంది. సమాధానం ఇచ్చిపుచ్చుకునేటప్పుడు అది పీఠం దగ్గర మొదలవుతుంది. జోడించిన చేతులను పక్కవాళ్లు తమ రెండు చేతుల మధ్యకు తీసుకుంటారు, ఆ చేతులతోనే తర్వాతి మనిషికి అందిస్తారు. వరస వరసా దాటుకుంటూ చివరి బెంచీ దాకా వస్తుంది. నాకు అందించిన అబ్బాయి చేతులు చెమటతో తడిగా ఉన్నాయి.

ప్రసంగంలో గురువు ఎనిమిది రోజుల గురించి చెప్పారు. గాయాలు చూస్తే తప్ప నమ్మనని తోమాసు అన్నాడు. యేసు మళ్లీ వచ్చింది ఎనిమిది రోజుల తర్వాత. ఆ ఎనిమిది రోజులు తోమాసు ఎక్కడున్నాడు? మిగతా శిష్యులతోనే, అదే ఇంట్లో. వాళ్ల సంతోషంలో తనకు పాలు లేదు, అయినా గడప దాటి పోలేదు. శిష్యులు కూడా నమ్మనివాణ్ణి బయటికి పంపలేదు. అనుమానించే తోమాసు అని ఎగతాళిగా అనే అలవాటు మనకు ఎట్లా వచ్చిందో గానీ, ఆ వారం రోజులు అక్కడే కూర్చోవడం నమ్మకం కాకపోతే మరేమిటి? తనకు దొరకనిది దొరికినవాళ్ల మధ్య కూర్చోవడానికి చాలా గుండె కావాలి.

మధ్యాహ్నం లక్సెట్టిపేట, జన్నారం మీదుగా ఉట్నూరు దారి. కవ్వాల్ అడవిలో టేకు చెట్ల కింద నీడ ఉంది గానీ తడి లేదు. అడవి దాటగానే నల్లరేగడి, పత్తి. ఆదిలాబాద్ రైతు బతుకంతా ఈ పంట మీదే. మిరుగంలో పడ్డ మొదటి జల్లుకు గింజ పెట్టినవాళ్ల చేలల్లో సగం మొలిచి సగం మాడింది. దారిలో ఒక ఊరి చేనులో వంగి వేలితో మట్టి తవ్వి చూస్తే గింజ పైపొర పగిలి, తెల్లటి మొలక గోరంత వచ్చి ఎండిపోయి ఉంది.

ఆ చేను ఆ ఊరి ఉపదేశిది. ఉపదేశి అంటే గురువు రాని రోజుల్లో ప్రార్థన నడిపించే ఊరి మనిషి. నెలకు ఒకటి రెండుసార్లు గురువు వచ్చే ఇట్లాంటి పల్లెల్లో శ్రీసభ అంటే ఆయనే. సాయంత్రం ఆయన ఒక ఇంటికి పోవాలి. ఆ ఇంట్లో కిందటి నెల చిన్నపిల్ల జ్వరంతో చనిపోయింది. ఊరంతా నవదిన ప్రార్థన చేసినా పిల్ల దక్కలేదు.

“పోయి ఏం చెప్తారు?” అని అడిగాను.

“ఏం జెప్తం సార్. మొదటి వారం నీళ్లు మోసిపెట్టినం, వంట మావోళ్లు జేసిన్రు. ఇప్పుడిప్పుడు తల్లి మాట్లాడుతున్నది. దేవుని మీద కోపంగుందని జెప్పింది. గా కోపమే జదువుదాం అన్న.”

ఆయన చదవాలనుకున్నది 88వ కీర్తన. నూటయాభై కీర్తనల్లో చాలా విలాపాలు చివర్లో స్తుతి వైపు తిరుగుతాయి. ఇది తిరగదు. మొరపెట్టి మొరపెట్టి చీకట్లోనే ఆగిపోతుంది. దాన్ని కత్తిరించకుండా, చివర ఒక మంచి మాట అతికించకుండా, తరతరాల భక్తులు అట్లాగే ఉంచారు. లాటిన్ ఆచారపు రాత్రి ప్రార్థనలో గురువులు, కన్యస్త్రీలు శుక్రవారం శుక్రవారం దాన్నే చదువుతారు.

ఆ ఇంటి వాకిట్లో ట్యూబులైటు కింద చాప పరిచారు. పదిహేను మంది ఉంటారు. ఉపదేశి తెలుగులో ఒక్కో చరణం చదువుతుంటే, ముసలివాళ్ల కోసం ఒక అమ్మాయి గోండిలో చెబుతోంది. పిల్ల తల్లి మొదట తలొంచుకుని ఉంది. స్నేహితులు, చుట్టాలు దూరమయ్యారనే చోట తలెత్తి, “మల్లొకపారి జదువు మామా,” అంది. ఆయన మళ్లీ చదివాడు. ఆమె ఏడ్చింది, పక్కావిడ ఆమె వీపు మీద చెయ్యేసింది. ఎవరూ ఏమీ వివరించలేదు. పరలోక జపం చెప్పుకున్నాక బెల్లం చాయ్ వచ్చింది.

చాయ్ తాగుతూ ఇంటాయన రేపు పొద్దున పని సంగతి ఎత్తాడు. వాన పడ్డా పడకపోయినా తన చేనులో మొలవనిచోట పోగుంటలు పెట్టాలి, మనుషులు కావాలన్నాడు. గింజలు ఎన్ని ప్యాకెట్లు మిగిలాయి, బిందెలతో నీళ్లు ఎవరు మోస్తారు, ఎన్ని గంటలకు దిగాలి అని లెక్కలు మొదలయ్యాయి. ఉపదేశి తనూ వస్తానన్నాడు. గోండిలో చెప్పిన అమ్మాయి బడి ఉంది, పొద్దున ఎనిమిది దాకే వస్తానంది.