లేత్ బాబాయి చేసిన మంచు

"ఏందిరా అబ్బాయా ఇది, కోళ్లు కోసే మిషనా?"

నేను గీసిచ్చిన బొమ్మను అటూ ఇటూ తిప్పి లేత్ బాబాయి అడిగిన మొదటి మాట అది. దర్శిలో పొదిలి రోడ్డు పక్కన ఆయన షెడ్డు. మిరప చేలకు మందుకొట్టే స్ప్రేయర్లు, ట్రాక్టర్ సామాన్లు బాగుచేస్తుంటాడు. సంక్రాంతికి ఊరొచ్చి నేను పిండివంటలు వదిలేసి అక్కడ కూర్చోవడానికి కారణం ఉంది. ఎలక్ట్రాన్ మైక్రోస్కోపులో చూడాల్సిన నమూనాలను గడ్డకట్టించే యంత్రం మా ల్యాబ్‌లో లేదు. కొనాలంటే లక్షలు. ఎనిమిది నెలలు కష్టపడి నేను శుద్ధి చేసిన ప్రోటీనేమో చిన్న గొట్టంలో అడుగున నాలుగు చుక్కలుంది.

"నీళ్లు గడ్డకట్టడానికి మిషనెందుకు? ఫ్రిజ్‌లో పెట్టరాదూ!"

మైక్రోస్కోపు లోపల గాలి ఉండదు. తడి నమూనా ఇట్టే ఎండిపోతుంది కాబట్టి గడ్డకట్టించాలి. కానీ నెమ్మదిగా కడితే మంచు పలుకులు ప్రోటీన్‌ను పాడుచేస్తాయి. పలుకు కట్టే వ్యవధి ఇవ్వకుండా చల్లబరిస్తే నీరు గాజులా నిలిచిపోతుంది. 1980ల మొదట్లో జర్మనీలోని హైడెల్‌బర్గ్‌లో జాక్ దుబోషే బృందం దీన్ని సాధించింది. 2017లో మరో ఇద్దరితో కలిపి ఆయనకు రసాయనశాస్త్రంలో నోబెల్ ఇచ్చారు.

పశువుల ఆసుపత్రిలో ఎద్దు వీర్యం దాచే నత్రజని క్యాను బాబాయికి తెలుసు. "దాంట్లో ముంచితే పోలా?" అన్నాడు. మైనస్ 196 డిగ్రీలున్నా కుదరదు. కాలిన పెనం మీద నీటిచుక్క తన ఆవిరి మీదే తేలుతూ గెంతుతుంది చూడండి, అలాగే నత్రజని మరిగి నమూనా చుట్టూ ఆవిరి తొడుగు కడుతుంది. చలి లోపలికి త్వరగా చేరదు. అందుకే నత్రజనితో చల్లబరిచిన ద్రవ ఈథేన్‌లోకి రెప్పపాటులో దించాలి.

రెండు రోజుల్లో చేసిచ్చాడు. నిలువు స్టాండు, జారే స్టీలు కడ్డీ, దాని చివర పట్టకారు, వదలడానికి సైకిల్ బ్రేకు తీగ. పట్టకారు కొసన మూడు మిల్లీమీటర్ల రాగి జల్లెడ. దానిమీద చుక్క వేసి, ఫిల్టర్ కాగితంతో అద్ది, వెంటనే వదలాలి.

ల్యాబ్‌లో మొదటిసారి వదిలితే పట్టకారు గిన్నె అడుగుకు కొట్టుకుని వంగిపోయింది. ఫోన్ చేశాను. "ఏడ ఆగాలో నువ్వు చెప్పలా గదరా" అని కసిరి, కడ్డీని ఆపే బిళ్ల, దానికింద రబ్బరు వాషరు బస్సు పార్సిల్లో పంపాడు. ఆ తర్వాత కూడా పదకొండు జల్లెడలు పాడయ్యాయి. గాలిలో తేమంతా వచ్చి మంచై కూర్చునేది. గొట్టంలో చివరి చుక్క మిగిలింది. చేయి వణికింది. ఆ పన్నెండోది పనిచేసింది.

ఉగాదికి ఊరెళ్లి ఫొటో చూపించాను. బూడిదరంగు మీద నల్లటి చుక్కలు.

"ఇయ్యి నీ ప్రోటీన్లా? మరి గడ్డకట్టిన నీళ్లేయి?"

"కనపడకూడదు బాబాయ్. కనపడితే చెడినట్టే."

కళ్లజోడు పైకి తోసి ఇంకాసేపు చూశాడు. తర్వాత డబ్బాలో చెయ్యిపెట్టి వెతుకుతూ, "ఆ వాషరు అరిగిపోద్ది. ఇంకోటి తీసుకుపో" అన్నాడు.