నలభై రెండు సెంట్లు

మా ఇంట్లో ఊరికే ఎక్కడికీ పోయినవాళ్లు లేరు. పోతే పనికి పోయారు, ఆస్పత్రికి పోయారు, లేకపోతే చావుకి పోయారు. మా అమ్మ పల్నాటి రోడ్లు చాలానే చూసింది. చూసిందంతా ట్రాక్టరు ట్రక్కులో నిలబడే. తెల్లారకముందే, మిరపకోతకి పోయే ముప్పై మంది ఆడవాళ్ల మధ్య ఒరుసుకుంటూ. నాయన సిమెంటు లారీలో బస్తాల మీద పడుకుని ఊళ్లు తిరిగాడు. చూసి రావడానికి పోవడమనేది పెద్దిళ్లవాళ్ల సంగతి. ఊటీ పోయొచ్చి ఫొటోలు చూపించేవాళ్లు. మా మాదిగపల్లెలో దానికి పేరు కూడా లేదు.

అట్లాంటి ఇంటి నుంచి నేను అమెరికా పోయాను. బీఎస్సీ, బీఈడీ అయ్యి ప్రైవేటు బడిలో రెండేళ్లు లెక్కలు చెప్పాక. 2013లో ఉమ్మడి రాష్ట్ర ప్రభుత్వం ఎస్సీ విద్యార్థుల కోసం అంబేడ్కర్ ఓవర్సీస్ విద్యానిధి పెట్టింది. పది లక్షలు. మా ఇంట్లో డిగ్రీ మొహం చూసిన మొదటి మనిషిని నేనే కాబట్టి ఆ కాగితం చదివి చెప్పేవాళ్లు కూడా లేరు. నేనే చదువుకుని నేనే పెట్టుకున్నాను. 2014 ఆగస్టులో టెన్నెసీ రాష్ట్రంలో నాష్‌విల్ దగ్గర ఒక ప్రభుత్వ యూనివర్సిటీలో చేరాను.

అక్కడ తెలుగు పిల్లలకి సెలవులొస్తే ఒకటే పని. నలుగురు కలిసి కారు అద్దెకి తీసుకుని రోడ్డెక్కడం. బడ్జెట్ ట్రిప్పు అంటారు. రూములో ఇద్దరమని చెప్పి నలుగురు పడుకోవడం, రైస్ కుక్కరు, ఆవకాయ సీసా వెంట తీసుకుపోవడం, బయట కాఫీ కూడా కొనకపోవడం. వాళ్లకి అదంతా కొత్త ఆట. "అక్కా, కింద పడుకున్నాం తెలుసా!" అని ఇంటికి ఫోను చేసి చెప్పుకునేవాళ్లు. నేను పుట్టినప్పటి నుంచి పడుకున్నది కిందే. ఐదుగురికి అరకిలో టమాటాతో కూర సాగదీయడం నాకు ఎవరూ నేర్పక్కర్లేదు. ఆ విద్యకి అక్కడ తెగ గిరాకీ ఉండేది. నన్ను రాకుండా ఏ ట్రిప్పూ కదలనిచ్చేవాళ్లు కాదు.

ఇంకో కారణం కూడా ఉంది. పాతికేళ్లు నిండనివాళ్లకి కారు అద్దెకిస్తే కంపెనీలు రోజుకింత అదనంగా గుంజుతాయి. మా నలుగురిలో పాతిక దాటింది నేనొక్కదాన్నే. కాబట్టి 2015 మార్చిలో, స్ప్రింగ్ బ్రేక్‌కి తీసుకున్న కారు నా పేరు మీదే. రెండో డ్రైవరుకి మళ్లీ డబ్బులు కట్టాలని పోనూ రానూ పన్నెండు వందల మైళ్లు తోలింది కూడా నేనే. మా వంశంలో సైకిలు కాక సొంతంగా నడిపిన బండి అదే మొదటిది.

మిగతా ముగ్గురూ నాకంటే రెండు మూడేళ్లు చిన్న. ఒకమ్మాయిది ఒంగోలు, ఒకమ్మాయిది విజయవాడ, ఇంకొకామెది హైదరాబాదు. ముగ్గురూ అక్కా అక్కా అనేవాళ్లు. వాళ్లకి న్యూ ఆర్లీన్స్ చూడాలని. నాకు దారిలో ఉన్న అలబామా చూడాలని. నాష్‌విల్ నుంచి ఐ-65 రోడ్డు సూటిగా దక్షిణానికి దిగుతుంది, బర్మింగ్‌హామ్, మాంట్‌గోమరీల మీదుగా. ఆ రోడ్డు గురించి నాకు చెప్పింది మా డిపార్టుమెంటులో నా పక్క టేబులు నల్లజాతి అమ్మాయి. కుక్కరు కూడా తీసుకుపోతున్నామంటే నవ్వింది. "మా తాతా అంతే, వండిన తిండీ, డబ్బాలో పెట్రోలూ లేకుండా కారు కదిలించేవాడు కాదు" అంది. పొదుపు కోసం కాదు. దారిలో తిండి పెట్టరు, కక్కసు వాడుకోనివ్వరు, కొన్నిచోట్ల పెట్రోలు కూడా పొయ్యరు. 1936లో న్యూయార్కు హార్లెంలో విక్టర్ హ్యూగో గ్రీన్ అనే పోస్ట్‌మాన్ ఒక పుస్తకం మొదలుపెట్టాడు. నల్లవాళ్లు ఏ ఊళ్లో ఏ హోటల్లో దిగొచ్చు, ఎక్కడ తినొచ్చు, ఎక్కడ కారు ఆపొచ్చు అని జాబితా. గ్రీన్ బుక్ అంటారు. 1964లో పౌరహక్కుల చట్టం వచ్చాక కూడా రెండు మూడేళ్లు అచ్చయింది.

నాకు అంబేడ్కర్ 'వెయిటింగ్ ఫర్ ఎ వీసా' గుర్తొచ్చింది. 1901లో చిన్నపిల్లాడిగా తండ్రి దగ్గరికి పోతూ మసూరు స్టేషన్లో దిగితే, మహర్లని తెలిసి ఏ బండివాడూ ఎక్కించుకోలేదు. చివరికి రెట్టింపు కూలి పుచ్చుకుని ఒకడు ఒప్పుకున్నాడు. పిల్లలు బండి తోలుకున్నారు, బండివాడు నడిచాడు. మన దగ్గర కూడా ఒక గ్రీన్ బుక్ వేసుంటే బాగుండేది. కాకపోతే అందులో ఊళ్ల పేజీలు చాలావరకు ఖాళీగానే ఉండేవేమో.

బర్మింగ్‌హామ్ దాటాక కార్లో లోన్ల మాటలొచ్చాయి. ఎవరి నాన్న ఏ పొలం బ్యాంకులో పెట్టాడు, వడ్డీ ఎంత. "నీకెంత లోను అక్కా?" అంది విజయవాడ అమ్మాయి. లోను లేదు, గవర్నమెంటు స్కాలర్‌షిప్ అన్నాను. కాసేపు పాట ఒక్కటే మోగింది. తర్వాత ఆ అమ్మాయే, "ఓ... మీకు ఇస్తారు కదా. మా నాన్న కట్టే టాక్సులన్నీ అట్లాగే పోతాయి" అంది. నవ్వుతూనే అంది. అప్పటిదాకా నువ్వు అన్న పిల్ల నోట్లో 'మీకు' ఎంత తొందరగా వచ్చిందో చూడండి. ఆ 'మీకు'లో మర్యాద లేదు, నా వెనకున్న పల్లె మొత్తం ఉంది.

నేను రోడ్డు మీద నుంచి చూపు తిప్పలేదు. "మీ నాన్నగారిది పొలమే కదమ్మా. పొలం మీద వచ్చేదానికి ఇన్‌కంటాక్సు లేదు. ఆ పొలంలో కాయ కోసింది మా అమ్మలాంటోళ్లు" అన్నాను. మాంట్‌గోమరీ దాకా ఎవరూ మాట్లాడలేదు. డెబ్బై మైళ్ల వేగం, చేతిలో స్టీరింగు. నిజం చెప్పాలంటే నాకు హాయిగా ఉంది.

ఆ రాత్రి మోటల్లో ఎప్పటిలాగే పోపు వాసనకి అలారం మోగుద్దేమోనని బాత్రూం ఫాను వేసి వండాను. అన్నం, టమాటా కోడిగుడ్డు కూర. విజయవాడ అమ్మాయి, "నాకు ఆకలిగా లేదండీ" అని బ్రెడ్డు తింది. అండీ! అంతకుముందు రెండు ట్రిప్పుల్లో నా చేతి కూర గిన్నె నాకిన పిల్ల.

తెల్లారి రోజా పార్క్స్ మ్యూజియం చూశాం. 1955 డిసెంబరు 1న ఆమె బస్సులో సీటు వదలనంది. తర్వాత ఆ ఊళ్లో నల్లవాళ్లు 381 రోజులు బస్సులెక్కకుండా నడిచారు. సెల్మాకి పోదామంటే చుట్టు అవుద్ది, పెట్రోలు దండగ అన్నారు. తోలేది నేనన్నాను. 54 మైళ్లు. 1965 మార్చి 7న అక్కడి వంతెన మీదే ఓటుహక్కు కోసం నడిచిన ఆరువందల మందిని పోలీసులు కుళ్లబొడిచారు. మేం పోయేటప్పటికి యాభై ఏళ్ల సభ జరిగి, ఒబామా వచ్చిపోయి, వారమే అయింది. వంతెనకి ఇప్పటికీ ఎడ్మండ్ పెట్టస్ అనే తెల్లదొర పేరే. బానిసత్వం కోసం యుద్ధం చేసిన జనరలు, క్లాన్ నాయకుడు. చంపినవాళ్ల పేర్లు రోడ్లకి పెట్టడం మనకొక్కళ్లకే చాతనవుననుకునేదాన్ని.

ఆ వంతెన నడుమ ఎత్తు. ఇటునుంచి ఎక్కుతుంటే అవతల ఏముందో కనపడదు. పైకెక్కాకే లాఠీలు కనపడతాయి. ఇద్దరు కార్లోనే ఫోన్లు చూసుకుంటూ కూర్చున్నారు. ఒంగోలు అమ్మాయి నాతో నడిచింది. నది మీద ఆగి, నా వైపు చూడకుండా, "అక్కా, మా అమ్మమ్మ వాళ్లది కారంచేడు పక్కనే. ఇంట్లో ఎప్పుడూ ఆ మాటెత్తరు" అంది. 1985లో తను పుట్టనే లేదు. నేనూ పుట్టలేదు. అయినా ఇద్దరికీ తెలుసు, ఎవరివైపు నుంచి వాళ్లకి. నేనేమీ అడగలేదు. అవతలి ఒడ్డుదాకా పోయి వెనక్కొచ్చాం.

న్యూ ఆర్లీన్స్ బాగుంది. దాని గురించి రాసేదేం లేదు.

తిరిగొచ్చాక లెక్కలు. ఫోన్లో వాటాలు వేసే స్ప్లిట్‌వైజ్ అనే ఆప్ ఉంటుంది. మొత్తం మనిషికి 138 డాలర్లు తేలింది. అప్పటి మారకంలో ఎనిమిదిన్నర వేలు. రోజుకి నూటయాభై చొప్పున అమ్మకి దగ్గర దగ్గర రెండు నెలల కూలి. నా వాటా చూస్తే నా లెక్కకంటే కాస్త ఎక్కువుంది. లెక్కల మనిషిని కదా, వెతికాను. మాంట్‌గోమరీ వంట ఐదు డాలర్లు. నలుగురికి వేస్తే తలా డాలరు పాతిక. విజయవాడ అమ్మాయి అందులోంచి తన పేరు తీసేసింది. తిననిదానికి ఎందుకు కట్టాలి, న్యాయమే. ముగ్గురికి వేస్తే డాలరు అరవై ఏడు. నా మీద పడింది నలభై రెండు సెంట్లు. మా తాతకి విడి గ్లాసు పెట్టారు, నాకు ఆప్‌లో విడి లెక్క పెట్టారు.

"ఆకలి లేకేనా?" అని గ్రూపులో తెలుగులో అడిగాను. అది చదివినట్టు కనపడింది. జవాబు లేదు. హైదరాబాదు అమ్మాయి "ఇంత చిన్నదానికి ఎందుకక్కా" అని విడిగా మెసేజి పెట్టింది. చిన్నదే. 2023 ఫిబ్రవరిలో సియాటిల్ నగరం కులవివక్షని నిషేధిస్తూ చట్టం చేసినప్పుడు, అమెరికాలో కులమెక్కడిదని మనవాళ్లు టీవీల్లో అరుస్తుంటే, నేను ఆ నలభై రెండు సెంట్లే తలుచుకున్నాను.

2016లో తిరిగొచ్చాను. ఎందుకొచ్చానన్నది వేరే వ్యాసం. 2018 డీఎస్సీలో స్కూల్ అసిస్టెంటు ఉద్యోగమొచ్చింది. మా బడిలో పిల్లలకి విహారయాత్రంటే ఎప్పుడూ డబ్బున్నవాళ్లే పోయేవాళ్లు. మొన్నొక జనవరిలో లెక్క మార్చాను. అమరావతి స్తూపం, ఉండవల్లి గుహలు, ఒకటే రోజు, బడి బస్సు అద్దెకి, మనిషికి 220 రూపాయలు. బయట తిండి కొనం, బాక్సులు తేకూడదు, అందరికీ ఒకటే పులిహోర. టెన్నెసీలో నేర్చిన బడ్జెట్టే. బాక్సుల సంగతి మాత్రం మాంట్‌గోమరీలో నేర్చింది.

ముందురోజు రాత్రి ఒక తండ్రి ఫోను చేశాడు. "టీచరుగారూ, పులిహోర ఎవరు కలుపుతున్నారండీ?"

"నేనేనండీ."

అటువైపు కాసేపు మాట లేదు. "మా పాపకి కడుపు సరిగ్గా ఉండదండీ, దానికి చిన్న బాక్సు కట్టి పంపిస్తాం."

"పంపండి. అందరికీ సరిపడా కట్టండి, నలభై రెండు మందిమి" అన్నాను.

పొద్దున ఐదున్నరకి ఆ పిల్ల బస్సు దగ్గరకొచ్చింది. చేతిలో నీళ్ల సీసా ఒక్కటే ఉంది.